ఉద్యోగం చేస్తూ 12 వారాల ఫైనాన్షియల్ అకౌంటింగ్ సర్టిఫికెట్: వారంవారీ డైరీ

పెట్టుకున్న పని: ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ చదువుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల ఫైనాన్షియల్ అకౌంటింగ్ కోర్సు, జూలై సెమిస్టర్. రోజుకు 9 గంటల ఆఫీసు, రానూపోనూ 2 గంటల ప్రయాణం. లక్ష్యం 75 మార్కులు దాటడం. సామగ్రి: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు రెండు, స్కేలు, పెన్సిలు, ఎర్ర పెన్ను. ఖర్చు: పరీక్ష ఫీజు 1000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు సగం). వీడియోలకు, అసైన్‌మెంట్లకు పైసా కట్టక్కర్లేదు.

ఈ కోర్సునే ఎందుకు ఎంచుకున్నామంటే, పరీక్ష సెంటర్‌కి వెళ్లి, ఫొటో గుర్తింపు చూపించి రాయాలి కాబట్టి. ఇంట్లో కూర్చుని వీడియోలు నడిపేస్తే వచ్చే సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి. అకౌంట్స్ వైపు మారాలనుకునే సేల్స్ ఉద్యోగికో, సొంత షాపు బ్యాలెన్స్ షీటు తనే చదువుకోవాలనుకునే వ్యాపారికో వాటివల్ల ఒరిగేది తక్కువ. ఒక హద్దు కూడా ముందే తెలుసుకోవాలి. ఇది డిగ్రీ కాదు, డిప్లొమా కాదు. 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు (కాలేజీ డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు) అంటారు గానీ, కాలేజీలో చేరి లేనివాళ్లకు ఆ క్రెడిట్లతో పని ఉండదు.

వారం 0

మూడు పనులు. మొదటిది మెయిల్. కోర్సులో చేరడానికీ పరీక్షకు ఫీజు కట్టడానికీ ఒకే మెయిల్ వాడాలి. ఆఫీసు మెయిల్‌తో చేరకూడదు. మధ్యలో ఉద్యోగం మారితే ఆ మెయిల్ పోతుంది, హాల్ టికెట్టూ మార్కులూ దానితోపాటే చేజారతాయి.

రెండోది పేరు. సర్టిఫికెట్ మీద ఎలా పడాలో అలాగే, ఆధార్‌లో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరును పొడి అక్షరంగా వేసుకోవడం మనకు అలవాటు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఫారంలో ఒక్క అక్షరం ఉంటే సెంటర్ దగ్గర చిక్కు వస్తుంది. సర్టిఫికెట్ అచ్చయ్యాక దిద్దించుకోవడం ఇంకా కష్టం.

మూడోది మార్కుల లెక్క. దీన్ని కాగితం మీద వేసి గోడకు అంటించాం. 12 అసైన్‌మెంట్లలో మెరుగైన 8 తీసుకుని, వాటి సగటులో 25 శాతం కలుపుతారు. పరీక్ష మార్కుల్లో 75 శాతం కలుపుతారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 విడివిడిగా రావాలి. మొత్తం 40 దాటి, ఒక వైపు తగ్గినా సర్టిఫికెట్ రాదు. అసైన్‌మెంట్లలో 24 వచ్చి, పరీక్షలో 100కి 38 వచ్చాయనుకోండి. 38లో 75 శాతం 28.5. మొత్తం 52.5 ఉన్నా ఫెయిలే.

సర్టిఫికెట్ మీద పడే శ్రేణులు ఇవి: మొత్తం 60 నుంచి ఎలీట్, 75 నుంచి ఎలీట్ ప్లస్ సిల్వర్, 90 నుంచి గోల్డ్. అసైన్‌మెంట్లలో 20 తెచ్చుకుంటే 75 చేరడానికి పరీక్షలో 100కి 74 రావాలి. అదే 24 తెచ్చుకుంటే 68 చాలు. అసైన్‌మెంటు మీద అదనంగా పెట్టే అరగంట పరీక్ష హాల్లో 6 మార్కుల బరువు దించుతుంది.

12లో 8 చాలు కాబట్టి 4 వారాలు వదిలేసుకునే వీలుంది. జూలై సెమిస్టర్లో వినాయక చవితి, బతుకమ్మ, దసరా అన్నీ కోర్సు మధ్యలోనే వస్తాయి. ట్యాక్స్ ఆడిట్ పని చేసేవాళ్లకు సెప్టెంబరు నెలాఖరు ఊపిరాడనివ్వదు. జనవరి సెమిస్టర్ ఎంచుకుంటే సంక్రాంతి మొదట్లోనే పోతుంది గానీ మార్చి 31 ముగింపు సరిగ్గా పరీక్షకు ముందు మీద పడుతుంది. ఎవరి ఉద్యోగాన్ని బట్టి వాళ్లు సెమిస్టర్ ఎంచుకోవాలి. మేం క్యాలెండర్ తీసుకుని వదిలేయడానికి 2 వారాలకు గుర్తు పెట్టాం. మిగతా 2 జ్వరానికో, ఆఫీసు అత్యవసరానికో అట్టిపెట్టాం.

వారం 1, 2

వీడియోలు అరగంట చొప్పున 5, అంటే వారానికి రెండున్నర గంటలు. మొదటి టైమ్‌టేబుల్ ఇది: సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో వీడియో, ఆదివారం అసైన్‌మెంటు.

పాఠం: ఆస్తులు = అప్పులు + మూలధనం. వినగానే అర్థమైనట్టే ఉంటుంది. అర్థమైందో లేదో తేలడానికి ఒక చిన్న షాపు లెక్క వేశాం. మూలధనం 2,00,000. నగదుకు కొన్న సరుకు 80,000, అరువుకు కొన్నది 40,000. 60,000 ఖరీదు సరుకును 90,000కు నగదుకు అమ్మారు. అద్దె 10,000 కట్టారు. ఒక్కో లావాదేవీ తర్వాత మళ్లీ మొత్తం వేసి చూడాలి. చివరికి నగదు 2,00,000, సరుకు 60,000, కలిపి 2,60,000. అటువైపు సరుకిచ్చిన వాళ్లకు బాకీ 40,000, మూలధనం 2,20,000. ఇక్కడ తప్పు పోయేది ఒక్కచోటే: అమ్మకం మీద వచ్చిన 30,000 లాభాన్ని నగదులో కలిపేసి మూలధనంలో కలపడం మరిచిపోతారు.

ఇంటర్లో సీఈసీ తెలుగు మీడియంలో చదివినవాళ్లు జర్నల్ అంటే చిట్టా, లెడ్జర్ అంటే ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్ అంటే అంకణా, బ్యాలెన్స్ షీట్ అంటే ఆస్తి అప్పుల పట్టీ అని నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకోవాలి. పాత చదువు సగం అక్కడే గుర్తొస్తుంది. అది మంచి పెట్టుబడి. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదం కూడా ఉంది, చేరేముందు చూసుకోవాలి. ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి రెండు మాటలూ పక్కపక్కన ఉండాలి.

వారం 3

టైమ్‌టేబుల్ పనిచేయలేదు, మార్చాం. 5 వీడియోలూ చూశాక అసైన్‌మెంటు తెరిస్తే లెక్క ప్రశ్నల్లో సగం తప్పాయి. కారణం తేలిగ్గానే దొరికింది. ఆ వారం వీడియోకు 150 నిమిషాలు, పెన్సిలుకు 20 నిమిషాలు పెట్టాం. టీచరు బోర్డు మీద లెక్క చేస్తుంటే తలూపడం వేరు, తెల్లకాగితం మీద డెబిట్ (ఖాతాలో ఎడమవైపు) ఏదో క్రెడిట్ (కుడివైపు) ఏదో తేల్చుకోవడం వేరు.

కొత్త పద్ధతి: ముందు అసైన్‌మెంటు ప్రశ్నలు చదవాలి. తర్వాత సిద్ధాంతం వీడియోలు 1.25 వేగంతో ప్రయాణంలో వినాలి. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో వెళ్లేవాళ్లకు ఒక వీడియో తేలిగ్గా అయిపోతుంది. అంకెలున్న వీడియోలు మాత్రం ప్రయాణంలో వినకూడదు, వింటే ఆ సమయం వృథా. అవి టేబుల్ దగ్గరే, ప్రశ్న తెరమీదికి రాగానే ఆపి, ముందు మనం చేసి, తర్వాత నడపాలి. అరగంట వీడియోకు గంట పడుతుంది. పట్టనివ్వాలి.

వారానికి 6 గంటలు ఇలా పంచాం: వినడానికి గంటన్నర, ఆపి ఆపి లెక్క చేయడానికి మూడున్నర, అసైన్‌మెంటుకు గంట.

గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59. దాన్ని మంగళవారం రాత్రి 9 గంటలుగా మార్చుకున్నాం. గడువు లోపల ఎన్నిసార్లయినా సమర్పించవచ్చు, చివరిదే లెక్కలోకి వస్తుంది. అందుకని ఆదివారమే తెలిసినన్ని గుర్తించి ఒకసారి సమర్పించేయాలి. మంగళవారం కరెంటు పోయినా, ఆఫీసు కాల్ సాగినా, ఆ వారం సున్నా మాత్రం రాదు. జవాబులు గుర్తించి సమర్పించు బటన్ నొక్కకుండా పేజీ మూసేయడం అందరూ చేసే పొరపాటు. సమర్పించిన సమయం తెరమీద కనిపించేదాకా కదలకూడదు, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

వారం 4

ఈ వారం పాఠం కంటే ఫారం ముఖ్యం. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు కావడం వేరు. పరీక్ష ఫారం కోర్సు నడుస్తుండగా తెరుస్తారు, పరీక్షకు చాలా ముందే మూసేస్తారు. 12 వారాలూ అసైన్‌మెంట్లు రాసి, ఈ ఒక్క ఫారం వదిలేసినవాళ్లకు చేతికి ఏమీ రాదు. తెరిచిన వారంలోనే ఫీజు కట్టి, రసీదు పీడీఎఫ్ దాచుకున్నాం. ఆఫీసులో చదువు ఖర్చు తిరిగి ఇచ్చే పద్ధతి ఉంటే ఆ రసీదే కావాలి.

ఊరు ఎంచుకునేటప్పుడు పరీక్ష రోజున ఎక్కడ ఉంటామో చూసుకోవాలి, ఇప్పుడెక్కడ ఉన్నామన్నది కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం లాంటి ఊళ్లు జాబితాలో ఉంటాయి. పండక్కి ఊరెళ్లే ఆలోచన ఉంటే దానికి దగ్గరి ఊరు పెట్టుకోవడమే మేలు. పరీక్షలు శని, ఆదివారాల్లో ఉంటాయి. శనివారం పనిచేసే ఆఫీసైతే సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉండి వీడియోలు చూడటానికి అడ్డంకి లేదు గానీ, పరీక్షకు మన దేశంలోని సెంటర్‌కి రావాల్సిందే. ఆ నెలలో రాక లేకపోతే వేరే సర్టిఫికెట్ వెతుక్కోవడం మంచిది.

వారం 5

అంకణా, అంటే ఖాతాలన్నిటి నిల్వలనూ డెబిట్, క్రెడిట్ వైపులుగా పేర్చి సరిచూసే పట్టీ. మొత్తం కోర్సులో ఎక్కువ కాగితం ఖర్చయింది ఇక్కడే, ఎక్కువ లాభం వచ్చిందీ ఇక్కడే.

డెబిట్ వైపు, క్రెడిట్ వైపు కలవకపోతే మొదటినుంచీ మళ్లీ కూడటం మొదలుపెడతారు. అలా చేయకూడదు. ముందు తేడా ఎంతో రాసుకోవాలి. ఆ తేడాకు సమానమైన మొత్తం లావాదేవీల్లో ఉందేమో చూడాలి, ఉంటే అది ఒకవైపే ఎక్కి రెండోవైపు ఎక్కలేదన్నమాట. లేకపోతే తేడాను సగం చేయాలి. తేడా 6,500 అయితే 3,250 కోసం వెతకాలి, అది దొరికితే ఒకవైపు వెళ్లాల్సింది రెండోవైపు ఎక్కినట్టు. అదీ కాకపోతే 9తో భాగించి చూడాలి. 5,400ను 4,500గా రాస్తే తేడా 900. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా పోతుంది. 540ని 5,400గా రాసినా తేడా 4,860, అదీ 9తో పోతుంది. ఈ మూడు పరీక్షలకు 2 నిమిషాలు పట్టవు.

రెండు వైపులూ కలిశాయి కదా అని తప్పుల్లేవనుకోవడం ఇంకా పెద్ద తప్పు. లావాదేవీ మొత్తానికే రాయకపోతే తేడా రాదు. యంత్రం మరమ్మతు ఖర్చును యంత్రం ఖాతాలో వేస్తే తేడా రాదు, కానీ లాభం ఎక్కువగా కనిపిస్తుంది. ఒకరి ఖాతాలో వేయాల్సింది మరొకరి ఖాతాలో వేసినా అంతే. పరీక్షలో ‘ఏ తప్పును అంకణా బయటపెట్టదు’ అనే ప్రశ్నకు అవకాశం ఎక్కువ. ఒక్కో రకానికి సొంతంగా రెండేసి ఉదాహరణలు రాసుకున్నాం.

వారం 6

తరుగుదల, అంటే వాడకం వల్ల ఆస్తి విలువ ఏటా తగ్గడాన్ని ఖర్చుగా వేయడం. సూత్రం తేలిక, తేదీలు దెబ్బతీస్తాయి. అక్టోబరు 1న 1,00,000కు కొన్న యంత్రం, రేటు 10 శాతం, లెక్క ముగింపు మార్చి 31. మొదటి ఏడు 6 నెలలకే, అంటే 5,000. తగ్గుతున్న విలువ పద్ధతిలో (మిగిలిన విలువ మీదే రేటు వేస్తారు) రెండో ఏడు 95,000 మీద 9,500. తొందరలో మొదటి ఏడు 10,000 వేసేస్తారు, అక్కణ్నుంచి అన్నీ తప్పుతాయి. లెక్క మొదలుపెట్టే ముందు కాగితం మీద గీత గీసి కొన్న తేదీ, ముగింపు తేదీ, అమ్మిన తేదీ గుర్తించడం అలవాటు చేసుకున్నాం. అసైన్‌మెంటులో ఒక్కటీ పోలేదు.

వారం 7, 8

వారం 7 పండక్కి వదిలేశాం, ముందే గుర్తు పెట్టినదే. వదిలింది అసైన్‌మెంటు మాత్రమే, పాఠం కాదు. పరీక్షలో ఆ వారం ప్రశ్నలూ వస్తాయి. అందుకని వారం 8లో 9 గంటలు పెట్టాల్సి వచ్చింది.

విషయం ముగింపు లెక్కలు, సర్దుబాట్లు (ఇంకా పుస్తకాలకెక్కని అంశాలను చివర్లో చేర్చడం). ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు: అంకణా లోపల ఉన్న అంశం ఒకచోటే పడుతుంది, అంకణా కింద సర్దుబాటుగా ఇచ్చిన అంశం రెండుచోట్ల పడుతుంది. చెల్లించాల్సిన జీతం సర్దుబాటుగా ఇస్తే లాభనష్టాల ఖాతాలో జీతానికి కలుపుతాం, ఆస్తి అప్పుల పట్టీలో అప్పుగా చూపుతాం. అదే అంకణాలోనే ఉంటే అప్పుగా మాత్రమే చూపుతాం. ప్రతి సర్దుబాటు పక్కన ఎర్ర పెన్నుతో రెండు చిన్న డబ్బాలు గీసి, వేసినప్పుడల్లా ఒకటి టిక్ చేశాం. పట్టీ కలవనప్పుడు ఖాళీ డబ్బా ఎక్కడుందో చూస్తే చాలు.

రానిబాకీల లెక్క జాగ్రత్త. బాకీదారులు 80,000. అదనపు రానిబాకీలు 2,000 రద్దు చేయాలి, సంశయాత్మక బాకీలకు (వస్తాయో రావో తెలియనివాటికి) 5 శాతం ఏర్పాటు చేయాలి అని ఇస్తారు. 5 శాతం 80,000 మీద కాదు, 78,000 మీద. జవాబు 3,900. ఆప్షన్లలో 4,000 కూడా తప్పకుండా పెడతారు.

వారం 9

నగదు ప్రవాహ పట్టిక, అంటే డబ్బు రాకపోకలను నిర్వహణ (రోజువారీ వ్యాపారం), పెట్టుబడి (ఆస్తుల కొనుగోలు, అమ్మకం) లాంటి విభాగాలుగా చూపేది. చాలామంది కోర్సు ఇక్కడే వదిలేస్తారనిపిస్తుంది. లాభం నుంచి నగదుకు వెనక్కి నడవడం మన ఆలోచనకు ఎదురుగా ఉంటుంది.

లాభం 1,50,000. తరుగుదల 30,000 కలపాలి, ఎందుకంటే అది లాభంలోంచి తీసేసిన ఖర్చే గానీ చేతిలోంచి డబ్బు పోలేదు. బాకీదారులు 40,000 పెరిగారు, తీసేయాలి: అమ్మకం లాభంలోకి ఎక్కింది, డబ్బు ఇంకా రాలేదు. సరుకు 10,000 తగ్గింది, కలపాలి. సరుకిచ్చిన వాళ్లకు బాకీ 25,000 తగ్గింది, తీసేయాలి, కట్టేశాం కాబట్టి. మొత్తం 1,25,000.

కలపాలా తీయాలా అన్నది బట్టీ పడితే పరీక్షలో తారుమారవుతుంది. ప్రతి అంశానికి ‘దీనివల్ల గల్లాపెట్టెలో డబ్బు ఉందా, పోయిందా’ అని ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కిరాణా కొట్టు నడిపినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అరువు పుస్తకం లావయ్యేకొద్దీ గల్లా పలచబడుతుందని వాళ్లకు తెలుసు.

పాత యంత్రం అమ్మితే 5,000 లాభం వచ్చిందనుకోండి. ఆ 5,000ను నిర్వహణ విభాగంలో తీసేయాలి. అమ్మగా వచ్చిన మొత్తం డబ్బును పెట్టుబడి విభాగంలో చూపాలి. తీయకపోతే ఆ 5,000 రెండుసార్లు లెక్కకొస్తుంది. ఈ ఒక్క విషయం మీదే 4 లెక్కలు చేశాం.

వారం 10

నిష్పత్తులు. సూత్రాల కంటే మార్పు ప్రశ్నలు ముఖ్యం. ప్రస్తుత ఆస్తులు (ఏడాదిలోపు నగదయ్యేవి) 3,60,000, ప్రస్తుత అప్పులు (ఏడాదిలోపు తీర్చాల్సినవి) 2,40,000 అయితే నిష్పత్తి 1.5. ఇందులో 60,000 అప్పు తీర్చేస్తే 3,00,000కి 1,80,000, అంటే 1.67కు పెరుగుతుంది. అదే ఆస్తులు 1,80,000 ఉండి నిష్పత్తి 0.75 అయితే, 60,000 తీర్చాక 0.67కు తగ్గుతుంది. 1 కంటే పైనుందా కిందుందా చూడకుండా జవాబు పెట్టకూడదు.

వారం 11, 12

కొత్త పాఠం తక్కువ. వారం 12 అసైన్‌మెంటు వదిలి, ఆ సమయం పాత తప్పుల మీద పెట్టాం. గడువు దాటాక జవాబులు ఇస్తారు కాబట్టి, అప్పటిదాకా తప్పిన ప్రతి ప్రశ్నను కాగితం మీద మళ్లీ చేశాం. రెండోసారి కూడా తప్పినవి వేరే పేజీలో ఎక్కించాం. ఆ పేజీలో ఎక్కువ భాగం సర్దుబాట్లు, నగదు ప్రవాహం.

ఒక సాయంత్రం తెలిసిన కంపెనీ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసి, లాభమూ, నిర్వహణ నగదూ పక్కపక్కన పెట్టి, తేడా ఏయే అంశాల వల్ల వచ్చిందో వెతికాం. పరీక్షకు ఇది అక్కర్లేదు. ఉద్యోగంలో పనికొచ్చేది మాత్రం ఇదే, అందుకే మానకూడదనుకున్నాం.

పరీక్షకు ముందు వారం, పరీక్ష రోజు

పరీక్ష 3 గంటలు, ఉదయం 9 నుంచి 12, లేదా మధ్యాహ్నం 2 నుంచి 5. కంప్యూటర్ మీద రాయాలి. సొంత క్యాలిక్యులేటర్ మీద ఆశ పెట్టుకోకూడదు, తెరమీద ఇచ్చేదే వాడాలి. అది మౌస్‌తో ఒక్కో అంకె నొక్కాల్సిన రకం. చేతి క్యాలిక్యులేటర్‌తో 20 సెకన్లలో అయ్యే కూడిక దానితో నిమిషం పడుతుంది. ఈ వారం లెక్కలన్నీ కంప్యూటర్ తెరమీది క్యాలిక్యులేటర్‌తో, మౌస్‌తోనే చేశాం. మొదటి రోజు చేయి తడబడింది, నాలుగో రోజుకు కుదిరింది. చిన్న కూడికలు కాగితం మీద చేయడమే వేగమని కూడా తేలింది.

హాల్ టికెట్ రంగుల్లో ప్రింట్ తీయించి, అందులోని సూచనలు చివరిదాకా చదవాలి. ఒరిజినల్ గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. కొన్ని సెంటర్లు ఊరి చివరి ఇంజినీరింగ్ కాలేజీల్లో పడతాయి. ముందురోజే మ్యాప్‌లో చూసి, బస్సు ఎన్నింటికో కనుక్కున్నాం.

హాల్లో వరస: ముందు సిద్ధాంతం ప్రశ్నలన్నీ, తర్వాత ఒక మెట్టు లెక్కలు, చివర్లో సర్దుబాట్లూ నగదు ప్రవాహమూ. ఒక లెక్కకు 5 నిమిషాలు దాటితే గుర్తు పెట్టి ముందుకు పోవాలి. అంకె జవాబు టైప్ చేయమన్నప్పుడు ఎన్ని దశాంశాలు అడిగారో, రూపాయల్లోనా వేలల్లోనా అన్నది రెండుసార్లు చూడాలి.

తర్వాత

ఫలితాలకు కొన్ని వారాలు పడుతుంది. సర్టిఫికెట్ పీడీఎఫ్‌గానే వస్తుంది, ఇంటికి పోస్టులో రాదు. దించుకోగానే దానిమీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి, పేరు, ఫొటో, మార్కులు సరిగ్గా తెరుచుకుంటున్నాయో చూడాలి, ఎందుకంటే హెచ్‌ఆర్ వాళ్లు చూసేది అదే. రెజ్యూమెలో కోర్సు పేరు, 12 వారాలు, సెంటర్‌లో రాసిన పరీక్ష, వచ్చిన శాతం ఒక్క లైనులో రాయాలి. ఫీజు రసీదును సర్టిఫికెట్‌తో కలిపి అదే నెల ఖర్చుల బిల్లులో పెట్టాలి. తప్పుల పేజీలు చించకుండా అట్టిపెట్టాం, వచ్చే జనవరిలో కాస్ట్ అకౌంటింగ్ మొదలుపెట్టేటప్పుడు మొదట తెరిచేది అవే.